ల్యుబెన్ మాస్టారి రాతినాచు

యూనివర్సిటీ పరిశోధనల మదింపు సమావేశంలో ల్యుబెన్ మాస్టారి ఫైలు తెరవగానే, పరిశోధన విభాగం అధికారి నెవెనాకు రీలా కొండ గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల క్రితం ఆయన శిష్యురాలిగా అక్కడి రాళ్ల మీద నాచు ఎంత పెరిగిందో కొలిచేది. ఆకలేస్తే ఆయన తన బనిత్సా జున్నురొట్టెలో సగం తుంచి పెట్టేవాడు.

“పదకొండేళ్లకు ఒక్క పేపరా? ఈ పరిశోధన ఆపేద్దామండీ,” అన్నాడు అధ్యక్షుడు.

“ఆ నాచు ఏడాదికి వెంట్రుకవాసి పెరుగుతుందండీ. మనం తొందరపెడితే వింటుందా?” అంది నెవెనా.

అందరూ నవ్వారు. మరో ఐదేళ్లు గడువిచ్చారు.

ఆమె మాస్టారికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“అది సరేగానీ, నువ్వెలా ఉన్నావు అమ్మాయ్?” అన్నాడు మాస్టారు.

నెవెనాను అలా పిలిచేవాళ్లలో ఇప్పుడు ఆయనొక్కడే మిగిలాడు.