బుడగ లేని కాంతెన్

...అందుకే చెబుతున్నా చిజురూ, మొదట నేను అనుమానించింది మీ అమ్మనే. మెల్లగా రాయి తల్లీ, నా మాట నడకే అంత.

నలభై చలికాలాలు సముద్రపు నాచు కాచి కాంతెన్ జెల్లీ గడ్డకట్టించినవాణ్ణి. నిరుడు మీ అమ్మ మియోకో గిన్నెలు కడిగి, నా పక్కన చేరింది.

"మామయ్యగారూ, ఒక్క బుడగైనా లేకుండా ఎలా పోస్తారు?"

కోడలు ఊరికే నా పని గుట్టు అడుగుతుందా? చూస్తే, ఫ్రిజ్‌లో ముల్లంగి ఊరగాయ వెనక చిన్న చిన్న గాజు గొట్టాలు. ఒక్కోదాంట్లో కాంతెన్, మధ్యలో ఎర్ర చిక్కుడు గింజ.

"ఏం దాస్తున్నావమ్మా?"

"ఎలుక కిడ్నీ ఇంతే ఉంటుంది. చెయ్యి అలవాటు చేసుకుంటున్నా. అసలుది ల్యాబ్ దాటి రాదు లెండి!"

కిడ్నీని ఇలాగే జెల్లీలో నిలబెట్టి, ఎక్స్-రే ముందు తిప్పుతూ వేల ఫొటోలు తీస్తారట. అన్నీ కలిపితే వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు కూడా కనిపిస్తాయట. సూదిమొనంత బుడగున్నా కిడ్నీ కదిలి, బొమ్మ చెదురుతుందట.

"మీ అబ్బాయికి చెప్పకండి. 'జెల్లీ పోయడం వంటపని, సైన్స్ కాదు' అంటారు."

ఇద్దరిదీ ఒకే ల్యాబ్.

మొన్న బొమ్మ కుదిరిందని మీ నాన్న, వాళ్ల ల్యాబ్ పెద్ద ఇనుకై గారిని భోజనానికి పిలిచాడు. మీ అమ్మ వడ్డిస్తూనే ఉంది. "భలే పోశావయ్యా" అన్నారాయన. మీ నాన్న తల వంచి ఆ మెప్పు అందుకున్నాడు. నా అనుమానం అప్పుడు పక్క మార్చింది.

"ఒరే, బుడగలెలా తీశావు?"

"బాగా గిలక్కొట్టాను నాన్నా."

గిలక్కొడితే బుడగలు పుడతాయి. మీ అమ్మకి నేను నేర్పింది వేరు: మంట తగ్గించి, చెయ్యి పెట్టకుండా వదిలేయాలి. నురగ తీసి, గొట్టం గోడ వెంట జార్చాలి. మీ అమ్మ నా వైపు చూసింది. నేను సూపు గిన్నె మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు సంచీ సర్దుకుంటూ అంది: "అంత సన్నటి నాళాన్ని చూడగలిగాను. ఈ ఇంట్లో నన్ను చూసింది మీరొక్కరే. చూసీ ఊరుకున్నారు." ఆ బొమ్మ మీద ల్యాబ్ వాళ్లు రాసిన వ్యాసంలో తన పేరు చివరెక్కడో ఉందట. ఆ వరసకి ఒప్పుకుంటూ సంతకం పెట్టనని చెప్పి, అక్క ఇంటికి వెళ్లిపోయింది.

శుక్రవారం ఆ వ్యాసం అచ్చుకి పోతోంది. ఇది మీ అమ్మకి తర్వాత వినిపిద్దువు. ముందు ఇనుకై గారికి ఫోన్ చేసి, మొత్తం చదువు. మీ నాన్న పక్కనుంటే ఉండనీ. 'గిలక్కొట్టాను' అన్న చోట మాత్రం కాస్త ఆగి చదువు తల్లీ.