కంచె అనగా

నగరపాలక యంత్రాంగం ఆ ఉదయం సాక్షాత్తూ యంత్రమెక్కే పేటలోకి వేంచేసింది. ముందు ఇనుప తొండం ఊపుకుంటూ పొక్లెయినర్, వెనక లాఠీల పరివారం, ఆ వెనక గొడుగూ నీళ్ళసీసా పట్టిన బంట్రోతుల నడుమ ఆక్రమణల అధికారి. ఇంతటి దండయాత్ర ఏ కోటమీదికా అని చూస్తే, కుళాయి పక్కన ఆడవాళ్ళు స్నానం చేసే చోటు చుట్టూ నిలబెట్టిన ముళ్ళకంప మీదికి!

బొగ్గులు రాజేస్తున్న వదిన ఇస్త్రీపెట్టె వదిలేసి పరుగెత్తింది. ఆమె పేటకంతటికీ వదినే. ఏ అన్న భార్య అని అడిగినవాళ్ళు లేరు.

"అయ్యా, మేం చెప్పిన కంచె ఇది కాదు! అదీ!"

అది అంటే పెద్దింటాయన ఇనుపచువ్వల వరస. పేటనుంచి పెద్దరోడ్డుకున్న ఒక్కగానొక్క దారిని అది మింగి, పైన పచ్చిక కప్పుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడింది. అప్పటినుంచీ పేటవాళ్ళు రోడ్డెక్కాలంటే మురుగుకాలవ గట్టు చుట్టి రావాలి. పోయిన వానాకాలం నొప్పులు పడుతున్న కూతుర్ని మంచంమీద మోయించుకుపోయింది వదిన. గట్టు దాటకముందే కూతురి మూలుగు ఆగింది, మంచం బరువెక్కింది. అందుకే వినతులు వినే రోజున సభలో లేచి ఒకే మాట చెప్పింది: "బాబూ, ఆ కంచె పీకించండి."

అధికారి ఆలకించాడు. ఆనక పెద్దింటాయన వరండాలో కాఫీ పుచ్చుకున్నాడు. ఆ కప్పు అడుగున ఆయనకు శబ్దార్థజ్ఞానం సాక్షాత్కరించింది.

"చూడమ్మా," అన్నాడు పండితసభలో నిలిచినట్టు. "కంచె అనగా ముళ్ళు, కర్రలు, గోనెపట్టాలతో కట్టునది. ఇనుముతో, పునాదితో లేపినదాన్ని ప్రహరీ అంటారు. నువ్వు కంచె తీయమన్నావు, తీస్తున్నాం. పనిచేసినా తప్పేనా?"

"కంచే చేను మేస్తుందని విన్నాం సార్," అన్నాడు తాపీమేస్త్రి. "ప్రహరీ రోడ్డు మేస్తే మాత్రం నోరెత్తకూడదని ఇవాళే తెలిసింది!"

పేట గొల్లుమంది. ఆ హాస్యానికి జవాబు లాఠీ చెప్పింది. మేస్త్రి నోట్లోంచి పన్నూ నెత్తురూ కలిసి పడ్డాయి.

వదిన మామగారు ముసలి దర్జీ. కుళాయి తగవులన్నీ తీరుస్తాడని ఆయన్ని జడ్జిగారనేవారు. ఆ న్యాయపీఠం మెల్లగా కదిలి, కంప మూలరాటను కౌగిలించుకుని కూర్చుంది.

"ఇది పీకితే నా కోడళ్ళు ఎక్కడ నీళ్ళు పోసుకోవాల్రా? నీ ఆఫీసులోనా?"

"లాగు!" అన్నాడు అధికారి.

"ముసలాయన ఉన్నాడు సార్," అన్నాడు డ్రైవరు.

"పోతాడులే, లాగు!"

తొండం లాగింది. రాట లేచింది, రాటతో మనిషీ లేచాడు. రెండూ కింద పడ్డప్పుడు రాట పైనుంది. జడ్జిగారి రొమ్ములో ఏదో పుటుక్కుమంది. డ్రైవరు కిందికి దూకి అధికారి చొక్కా పట్టుకున్నాడు. "నా చేత చంపిస్తావట్రా నన్ను కూలికి తెచ్చి!" నలుగురు పోలీసులు అతన్ని నేలకేసి కొట్టారు.

ఇస్త్రీబల్లమీద మామగారిని పడుకోబెట్టి ఇనుపచువ్వల గేటు దగ్గరికి ఉరికారు. పొద్దున యంత్రం వచ్చింది ఆ గేటులోంచే. ఇప్పుడు దానికి తాళం ఉంది.

"తాళం తీయండి బాబూ, ప్రాణం పోతోంది!"

మేడమీదనుంచి పెద్దింటాయన ఎంతో మర్యాదగా విచారించాడు. "యంత్రం సర్కారుది కనక తీశాను. మీరు గట్టుమీదుగా వెళ్ళండి. పచ్చిక ఇప్పటికే నలిగింది."

బల్ల అంచునుంచి నెత్తురు బొట్లుబొట్లుగా కారుతోంది. వదిన ఒకసారి గట్టువైపు చూసింది. వెనక్కి తిరిగి, యంత్రం పీకిన ముళ్ళకంపను రెండు చేతులా గుండెకు హత్తుకుని తెచ్చి, ఇనుపచువ్వలమీదికి విసిరింది.

"చూస్తారేంటే? కర్రలు తేండి! గోనెలు తేండి! కట్టండి!"

పిచ్చెక్కిందనుకున్నారు. ఒక్క క్షణమే. మేస్త్రి నెత్తురు నోటితో నవ్వాడు. ఆ తర్వాత పేటంతా కదిలింది. పెద్దింటాయన ప్రహరీ కన్నుమూసి తెరిచేలోగా ముళ్ళు తొడుక్కుని, గోనెలు చుట్టుకుని, కర్రలు చెక్కుకుని పరకాయప్రవేశం చేసింది.

"అయ్యా పంతులుగారూ," అంది వదిన, గీరుకుపోయిన చేతులు చాచి. "ముళ్ళున్నాయి, కర్రలున్నాయి, గోనెలున్నాయి. ఇప్పుడిది కంచేనా, కాదా?"

అధికారి నిఘంటువు మూతపడింది. "కొట్టండి!"

కొట్టారు. ఆడవాళ్ళ తలలు పగిలాయి. ఈసారి పేట పారిపోలేదు. ఇస్త్రీపెట్టెల మూతలు తెరుచుకున్నాయి, నిప్పులు గుప్పున లేచి ఖాకీలమీద పడ్డాయి. నేలమీదున్న డ్రైవరు పాకుతూ వెళ్ళి యంత్రానికున్న గొలుసు విప్పి జనంలోకి విసిరాడు. "పట్టండన్నా! అందరూ ఒక్కసారే!"

గొలుసు చువ్వలకు పడింది. వంద చేతులు లాగాయి. పునాదితో సహా ప్రహరీ మూలిగి ఒరిగింది. దానికింద ఒక పోలీసు కాలు విరిగింది. మేడ అద్దాలు భళ్ళుమన్నాయి.

ఇస్త్రీబల్లను ఎత్తుకుని కూలిన ప్రహరీ దాటారు. పచ్చిక నడుమ మామగారు కళ్ళు తెరిచాడు. "ఎక్కడున్నామే?"

"రోడ్డుమీదున్నాం మామా."

"గట్టు తిరగలేదుగా?"

"లేదు మామా. తిన్నగానే పోతున్నాం."

"అదీ తీర్పు," అని జడ్జిగారు కన్నుమూశాడు.

బల్లను అక్కడే దించి చుట్టూ కూర్చుంది పేట. ఒక్కొక్కరినీ జుట్టు పట్టి ఈడ్చారు. వదినను పోలీసుబండిలో పడేసి ఇన్‌స్పెక్టర్ అడిగాడు: "ఏం కూల్చావో చెప్పు. ప్రహరీ అను."

"కంచె."

చెంప పగిలింది. "ప్రహరీ!"

"కంచె."

తెరుచుకున్న ఆ దారినే బండి రోడ్డెక్కింది. కబురు దానికన్నా ముందే నడిచింది. దారిపక్కనే ఉన్న పేటలో బడిపిల్లల ఆటస్థలాన్ని మింగిన ఇనుపచువ్వల వరస ఒకటుంది. దాని ముందు జనం, ఒక్కొక్కరి చేతుల్లో ఒక్కో ముళ్ళకంప. మొదటి కంపను ఎక్కడ కట్టాలో తెలియక నిలబడ్డారు.

బండి కిటికీ ఊచలకు పగిలిన ముఖం ఆనించి, వదిన గొంతు చించుకుంది.

"పైనుంచి కట్టండే! కింద చువ్వలు వదిలితే పీకేటప్పుడు పట్టు దొరుకుద్ది!"