పంతొమ్మిదో పేజీ

నేను పుట్టు పిరికివాణ్ణి. మా ఆవిడ సరోజాదేవి పెళ్లయిన మూడో నెలలోనే ఈ సంగతి కనిపెట్టింది. అలాంటి నన్ను మా ఖరగ్‌పూర్ తెలుగు సంఘం వాళ్లు ఉగాది సంచికకు సంపాదకుణ్ణి చేశారు. అదీ ఎమర్జెన్సీ రోజుల్లో.

అచ్చుకు ముందు ప్రతి ముక్కా సెన్సారు ఆఫీసరుకు చూపించాలి. కాగితాల కట్ట పట్టుకుని మేదినీపూర్ వెళ్లాను. ఆయన బెంగాలీ. రెండు కాగితాలు తిరగేసి నవ్వాడు.

"దాదా, ఇందులో నాకొక్క అక్షరం తెలియదు. మీరే చదవండి. అభ్యంతరకరమైంది ఏమీ లేదని రాసి, సంతకం చేసి, కింద మీ రైల్వే ఉద్యోగం వివరాలు పెట్టండి. తర్వాత ఏదైనా బయటపడితే పూచీ మీదే."

టీ కూడా ఇప్పించాడు. 

ఆ కట్టలో జోగమ్మ కథ ఉంది. ఖరిదా పేటలో ఉండే రైల్వే ఫిట్టరు దేముడి భార్య ఆమె. డెబ్బై నాలుగు రైల్వే సమ్మెలో దేముణ్ణి జైల్లో వేశారు. పోలీసులొచ్చి క్వార్టరు ఖాళీ చేయించి సామాను వీధిలో పడేశారు. ఆ రాత్రి కురిసిన వానలో తడిసి, చంటిపిల్ల జ్వరంతో పోయింది. తర్వాత దేముణ్ణి వదిలి, మళ్లీ పనిలోకి తీసుకున్నారు. జోగమ్మకు చదువు రాదు. ఆమె చెబుతుంటే పక్కింటి హైమవతి రాసిపెట్టింది. చదివి కళ్లు తుడుచుకుని, "పంతొమ్మిదో పేజీలో వేస్తాను జోగమ్మా" అని మాటిచ్చింది నేనే.

మూడు రోజులు అన్నం సయించలేదు. ఆఫీసు వరండాలో బూట్ల చప్పుడైతే నాకోసమే అనుకునేవాణ్ణి. నాలుగోనాడు కథ తీసేశాను. పేజీ ఖాళీగా వదిలితే అదీ తప్పేనట. మా ఆవిడ చేత మాగాయ పెట్టే విధానం రాయించి ఆ చోటు నింపి, సంతకం పెట్టాను. కంచే చేను మేసింది.

సంచిక పంచిన మర్నాడు పొద్దున్నే జోగమ్మ పుస్తకం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"నాకూ మా ఆయనకీ అచ్చరాలు రావు గానీ బాబూ, అంకెలొచ్చును. క్వార్టరు నెంబర్లు సూసి నేర్సుకున్నాను. ఇదే కదా పంతొమ్మిది?"

"ఇదే" అన్నాను.

"ఓపాలి సదవండి బాబూ."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. మాగాయ మీద చూపు నిలిపి, ఆమె కథ ఆమెకే చదివినట్టు చెప్పాను. వాన, రేకు పెట్టె, తడిసిన బొంత, పైడితల్లి అనే పిల్ల. ఒక్క మాట పోలేదు. తీసేసినవాడికి అన్నీ గుర్తుంటాయి. వంటింట్లో మా ఆవిడ గరిట చప్పుడు ఆగిపోయింది.

జోగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నా పిల్ల పేరు ఏ కాడున్నాది బాబూ?"

ఆమె వేలు పట్టుకుని "ఆవపిండి" అన్న మాట మీద పెట్టాను. ఆ మాటను నిమురుతూ కూర్చుంది. నా బతుకు మీద నాకే అసహ్యమేసింది.

"సాలు బాబూ. నా పైడితల్లి పేరు అచ్చులో పడ్డాది. సాయంత్రం మా ఆయన డూటీ దిగీసరికి హైమవతమ్మ ఈదిలో అందర్నీ కూకోబెట్టి ఇదే సదువుతానన్నాది. మీరూ అమ్మగారూ రావాల."

పేజీ మూల మడిచి, పుస్తకం కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. గడియారం చూశాను. ఎనిమిదిన్నర. వర్క్‌షాపులో డ్యూటీ దిగే కూత సాయంత్రం ఐదింటికి.