సున్నా రూపాయల పన్ను

ఉద్యోగంలో చేరిన మూడు నెలల్లో రత్నమాలకి హెడ్‌సెట్ అర్థమైంది, కంప్యూటర్ అర్థమైంది, క్యాంటీన్లో కాఫీ మెషిన్ కూడా లొంగింది. అర్థం కానిదల్లా బ్రిటన్ వాళ్ల కారు పన్నే.

ఆమెకి నలభై ఆరేళ్లు. పెళ్లై కాకినాడ నుంచి వచ్చినప్పటి నుంచీ శేరిలింగంపల్లిలోని రెండు గదుల ఫ్లాట్, అందులో వంటింటి గోడ, ఇవే లోకం. కూతురు కాలేజీలో పడ్డాక ధైర్యం చేసి దరఖాస్తు పెడితే, కొత్తగూడ జంక్షన్ దగ్గర అద్దాల మేడలో ఉద్యోగం వచ్చింది. బ్రిటన్లో కార్లున్న వాళ్లకి సలహాలిచ్చే ఒక క్లబ్బు తరఫున ఫోన్లెత్తడం పని. ప్రొబేషన్ సోమవారంతో అయిపోతుంది. పర్మనెంట్ చేస్తే సరే, లేదంటే మళ్లీ ఆ గోడే గతి.

మన దగ్గర కారు కొన్నప్పుడే లైఫ్ టాక్స్ కట్టేసి, ఇక ఆ ఊసే మర్చిపోతాం. అక్కడ మళ్లీ మళ్లీ కట్టాలి. ఆన్‌లైన్లో కట్టొచ్చు, లేదా పోస్టాఫీసుకి వెళ్లి కట్టొచ్చు. స్టాంపులమ్మే చోట కారు పన్నేమిటో దేవుడికే తెలియాలి. పోనీ కట్టినట్టు అద్దానికి అంటించే బిళ్లయినా ఉందా అంటే, అదీ ఎప్పుడో తీసేశారట. మరి కట్టినట్టు ఎలా తెలుస్తుందని టీమ్ లీడర్ రోహిత్‌ని అడిగింది.

ఇరవై ఏడేళ్ల రోహిత్‌కి అనుమానాలంటే అసలు పడదు. "రోడ్డు మీద కెమెరాలు నంబర్ ప్లేట్ చూసుకుంటాయి మేడమ్. మీరు ఎక్కువ ఆలోచించకండి. ఎవరడిగినా ఆన్‌లైన్‌కి పంపెయ్యండి."

శుక్రవారం హార్డింగ్ అనే పెద్దాయన ఫోన్ చేశాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. భార్య నడవలేదు. ప్రతి సోమవారం ఆవిణ్ణి కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్తాడు. అందుకని వాళ్ల కారుకి పన్ను మాఫీ అని ఈమధ్యే పత్రం వచ్చింది. పాత పన్ను గడువు శనివారంతో అయిపోతుంది. తీరా కంప్యూటర్ ముందు కూర్చుంటే అది ఇంకా డబ్బడుగుతోంది. పోస్టాఫీసుకి వెళ్దామంటే ఊళ్లోది మూసేశారు. ఉన్నది ముప్పై కిలోమీటర్ల దూరంలో.

"నేను పోస్టాఫీసుకి వెళ్లాలా, కంప్యూటర్లోనే అవుతుందా?" అన్నాడు.

రత్నమాల రోహిత్ మాట గుర్తు చేసుకుంది. ఆన్‌లైన్‌కి పంపుదామంటే ఆయన అక్కణ్ణుంచే మాట్లాడుతున్నాడు. గైడు తెరిస్తే పదహారు పేజీలు. తెర మూల గడియారం కాల్ నాలుగు నిమిషాలు దాటిందని ఎర్రబడుతోంది. ఇంట్లో కూరగాయలవాడితో తేల్చుకున్నట్టే తేల్చేసింది.

"పత్రం ప్రకారం మీరు కట్టాల్సింది ఎంతండీ?"

"సున్నా."

"కట్టాల్సింది లేనప్పుడు వెళ్లాల్సిన పని మాత్రం ఏముందండీ?"

పెద్దాయన ప్రాణం లేచొచ్చింది. అరవై కిలోమీటర్లు తప్పించావమ్మా అని ఐదుకి ఐదు నక్షత్రాలిచ్చాడు. రోహిత్ వచ్చి, "ఇలాంటి కాల్ ఒక్కటి చాలు మేడమ్, సోమవారం మీరు పర్మనెంట్ అయిపోయినట్టే" అన్నాడు. రత్నమాల ఆ రాత్రి ఇంటికి మిఠాయి కొనుక్కెళ్లింది.

క్లబ్బుకి శనివారం సెలవు లేదు. రోజూ స్కూటర్ మీద దింపే భర్త విశ్వేశ్వరరావు ఆ రోజు బండి మెకానిక్ దగ్గరుందన్నాడు. చాలా ఏళ్ల తర్వాత సిటీ బస్సెక్కింది. ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా అని కిటికీ పక్క దర్జాగా కూర్చుంది.

కండక్టరమ్మ వచ్చి మిషన్ పట్టుకుని నిలబడింది. "టికెట్ అమ్మా."

"మాకు ఫ్రీ కదండీ."

"పైసలు ఫ్రీ అమ్మా, టికెట్ కాదు. ఆధార్ చూపియ్యుండ్రి, జీరో టికెట్ కొడ్త."

"సున్నా రూపాయలకి టికెట్ ఎందుకండీ?"

"మీరు బస్సెక్కిన్రని సర్కారుకు తెల్వాలె గద. చెకింగోళ్లు ఎక్కిన్రనుకో, టికెట్ లేకుంటే మీకు ఫైను, నాకు పరేషాన్."

చీటీ చేతిలో పడింది. దాని మీద సున్నా చూడగానే రత్నమాలకి హార్డింగ్ కారు గుర్తొచ్చింది. పన్ను సున్నా అయితే మాత్రం కారు లెక్కలోకి ఎక్కొద్దూ? నిన్న తను ఏం చెప్పింది?

ఆఫీసులోకి వెళ్లగానే గైడు తెరిచింది. పదకొండో పేజీలో శుభ్రంగా ఉంది. మాఫీ అయినా సరే పన్ను నమోదు చేయించుకోవాల్సిందే. మొదటిసారి పోస్టాఫీసుకే వెళ్లాలి, ఆ తర్వాత నుంచి ఆన్‌లైన్ చాలు. చేయించకపోతే జరిమానా, లేదంటే చక్రానికి తాళం. సోమవారం ఆ ముసలాయన భార్యని వీల్‌చైర్లోంచి ఎత్తుకుని, తాళం పడిన కారు ముందు నిలబడడం ఆమె కళ్లకి కట్టింది.

ఇక్కడ మధ్యాహ్నం దాటినా అక్కడ ఇంకా ఉదయం తొమ్మిదే. ఏజెంట్లు తమంతట తాము ఫోన్ చేయకూడదు. రోహిత్ పర్మిషన్ కావాలి. పర్మిషన్ అడిగితే తప్పు తన పేరున పడుతుంది. పది నిమిషాలు కుర్చీలోంచి లేవలేదు. చెబితే ఉద్యోగం ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే తనేమవుతుందో తెలియదు. చివరికి లేచి చెప్పేసింది.

రోహిత్ తల పట్టుకున్నాడు. "ఫైవ్ స్టార్ కాల్ మేడమ్. ఎందుకు కెలుకుతారు? ఆయనే మళ్లీ చేస్తాడులే."

"తాళం పడ్డాక చేస్తాడు బాబూ."

అతను ఫోన్ తీసి మేనేజర్‌కి మెసేజ్ పెట్టాడు. పర్మిషన్ వచ్చేసరికి అక్కడ పదకొండు దాటింది.

"నిన్న నేను చెప్పింది తప్పండీ. మీరు పోస్టాఫీసుకి వెళ్లి తీరాలి. ఈరోజే," అంది రత్నమాల ఫోన్లో హార్డింగ్‌తో.

"అది శనివారం పన్నెండున్నరకే మూసేస్తారు," అన్నాడు హార్డింగ్. "అరవై కిలోమీటర్లు తిరిగి నేను కట్టేది ఎంత?"

"సున్నా అండీ. కారు కాగితం, మాఫీ పత్రం రెండూ పట్టుకెళ్లండి. క్షమించండి."

ఫోన్ ఠక్కున పెట్టేశాడు. ఆ ఆదివారం రత్నమాలకి అన్నం సయించలేదు. చేరాడో లేదో తెలియదు, అడిగే దారీ లేదు.

సోమవారం రోహిత్ ఆమెని పక్కకి పిలిచాడు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారట. తీసెయ్యనందుకు సంతోషించాలో, పర్మనెంట్ చెయ్యనందుకు ఏడవాలో ఆమెకి తేలలేదు. రెండో కాల్‌కి పెద్దాయన ఇచ్చిన రేటింగ్ కూడా చూపించాడు. ఐదుకి ఒకటి. కింద రెండు ముక్కలు రాశాడు.

"ఒకసారి తప్పు చెప్పింది, ఒకసారి సరిగ్గా చెప్పింది. మూసే టైముకి పది నిమిషాల ముందు చేరానని ఆమెకి చెప్పండి."

రత్నమాల అక్కడే గోడకి ఆనుకుని, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.