తిప్పేముందు ఒక మాట

ఖాళీ మంచం మీద దుప్పటి మారుస్తూ, "అమ్మా, ఎడమవైపుకి తిప్పుతున్నా" అంది సిస్టరు. అని, నాలుక కరుచుకుంది. ఆ మంచం మీది కుట్టు టీచరమ్మ పోయి వారం దాటింది. తిప్పడానికి పరుపు తప్ప మనిషి లేదు.

అది కదల్లేని రోగుల వార్డు. మనిషి మంచం పట్టాడంటారు గానీ, నిజానికి మంచమే మనిషిని పడుతుంది. ఒకే పక్కన ఉంచితే ఒంటిని కొరికి పుండు చేస్తుంది. అందుకే వేళ తప్పకుండా పక్క మార్చాలి. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి, మోకాళ్ళ మధ్య దిండు. సిస్టరు చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అందరూ ఆమె చేతిలోనే తిరిగేవారు. అయితే ఎటు తిప్పుతుందో ముందే చెప్పేది. "ఊఁ" అనేదాకా ఆగేది. మాట రానివాళ్ళయితే కనురెప్ప కదిలేదాకా.

"చెప్పి తిప్పేదానివి నువ్వొక్కదానివేనే అమ్మాయ్," అంది టీచరమ్మ ఒకనాడు. నడుం కింద ప్రాణం లేకపోయినా ఆవిడ నోట్లో రెండు ప్రాణాలుండేవి. "కాళ్ళున్న రోజుల్లోనూ నన్ను మావాళ్ళే తిప్పారు. ఊరు మార్చారు, బడి మాన్పించారు, మిషను అమ్మేశారు. ఒక్కడూ ముందు చెప్పలేదు. నేను ఊఁ అన్నానో లేదో నాకే తెలీదు."

ఆవిడ పోయింది గానీ ఆ మాట పోలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వచ్చి వెనక నిలబడుతోంది.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో కొత్త మంచం. దాని మీద, పక్షవాతంతో ఇన్నాళ్ళూ బావగారింట్లో ఉన్న మామగారు.

"అన్నయ్యవాళ్ళు ఇక మావల్ల కాదన్నారు," అన్నాడు భర్త టీవీ చూస్తూ. "నువ్వు మానేస్తున్నావని మీ మేట్రన్‌కి ఫోన్ చేసి చెప్పేశా. అయినా ఆ ఉద్యోగంతో మనకి ఒరిగేదేముంది, రోగుల్ని ఒరిగించడం తప్ప?" తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు.

"ఊఁ."

టీచరమ్మ గొంతే. సిస్టరు వెనక్కి చూసింది. గోడ. భర్త మాత్రం సరేనన్నట్టు తలాడించాడు. అంటే అన్నది తన నోరే.

ఇలాంటి ఊఁలు ఎన్ని రాలిపోయాయో. "మా ఇంటి కోడళ్ళు ఎదురు చెప్పరు" అని అత్తగారు అన్నప్పుడొకటి. "పై చదువెందుకు, చదివి ఎవర్ని ఉద్ధరించాలి" అని ఈయన అన్నప్పుడొకటి. ఎవరూ అడగలేదు, తనే అనేసింది. లోకానికి సిస్టరు, ఇంటికి ఆయా. వార్డులో అందరి పక్కలూ మార్చి వచ్చి, ఇక్కడ తను మాత్రం పెట్టినచోటే పడి ఉంది. వీపు మీద, కంటికి కనబడనిచోట, ఎప్పటినుంచో ఉన్న మంట ఇప్పుడు తెలిసింది.

ఫోన్ తీసింది. "మేట్రన్‌గారూ, మీతో మాట్లాడింది మా ఆయన. ఉద్యోగం నాది. రేపు డ్యూటీకొస్తున్నా."

"మరి నాన్నో?" భర్త టీవీ కట్టేశాడు.

"మీ నాన్నగారే కదండీ."

మర్నాడు పొద్దున అతన్ని మంచం దగ్గరికి పిలిచి చూపించింది, ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో.

"నాకు చేతకాదే."

"నేనూ నేర్చుకుని పుట్టలేదు."

సంచీ తగిలించుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గరికి వెళ్ళాక లోపల్నుంచి వినబడింది, ఎన్నడూ విననంత చిన్న గొంతుతో:

"నాన్నా, ఎక్కడ పట్టుకోను?"