సగం బలం చాలు

హరితకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. నిద్రలో తన ఊపిరి ఆగిపోతే పక్కలో ఉన్న బిడ్డకు ఆ సంగతి తెలియదు. తెల్లారేదాకా తల్లి రొమ్ము నోట్లో పెట్టుకుని తాగుతూనే ఉంటుంది.

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. నోటితో అంటే నిజమవుతుందేమోనని అదింకో భయం. పగలంతా చేతిలో ఏదో ఒక పని ఉండేది కాబట్టి నెట్టుకొచ్చేది. కానీ బియ్యం కడుగుతున్నప్పుడో, భర్త సాయికిరణ్ చొక్కా కాలర్లు బ్రష్షుతో రుద్దుతున్నప్పుడో, ఉన్నట్టుండి పక్కటెముకల కింద ఎవరో తాడు వేసి గుంజినట్టయ్యేది. లోపలికి పోయే ఊపిరి సగం దారిలోనే ఆగేది. అప్పుడు పని వదిలేసి రెండు వేళ్లు మెడ పక్కన పెట్టుకుని, కొట్టుకుంటున్నదా లేదా అని చూసుకునేది. చూసి చూసి ఏడాదిన్నర పిల్ల సహస్ర కూడా తన మెడ మీద వేళ్లు పెట్టుకోవడం నేర్చింది. అది చూసి సాయికిరణ్ పగలబడి నవ్వాడు. హరితకు నవ్వు రాలేదు.

సాయికిరణ్ నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో ఒక దుకాణంలో గుమస్తా. మంచివాడే. తాగడు, కొట్టడు. పెళ్లయిన నాటినుంచి చుట్టాలు ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు చెప్పారో! చెప్పిన ప్రతిసారీ, ఇక నువ్వు ఇంకేమీ అడగొద్దు అన్నట్టే వినపడేది. అతను రెండుసార్లు దవాఖానకు తీసుకుపోయి ఈసీజీ కూడా తీయించాడు. గుండెకేమీ లేదన్నారు. తిరిగొస్తూ బండి మీద అన్నాడు.

"గుండె గుర్రం లెక్కున్నదట. ఇంట్ల నీడపట్టున ఉండేదానికి నీకేం టెన్షనే? ఎండల తిరిగేటోన్ని, ఉంటే నాకుండాలె."

నీడపట్టున. ఆ మాట ఆమె వెంట ఇంట్లోకి వచ్చి కూర్చుంది. తెల్లారి ఐదున్నరకు నల్లా వచ్చేది, అరగంటలో డ్రమ్ములు నింపాలి. ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో బకెట్. ఏడింటికి టిఫిన్ డబ్బా. పిల్ల చల్లిన అన్నం ఎత్తడం, పిల్ల కింద తుడవడం, తుడిచిన గుడ్డ ఉతకడం. అన్నీ వంగి చేసేవే. వంగినప్పుడల్లా పొట్ట లోపలికి పట్టుకునేది. ఎందుకో, ఎప్పటినుంచో పట్టుకునే ఉంది. ఇంటర్ రెండో సంవత్సరంలో అమ్మ పోయింది. నాయినకూ తమ్ముడికీ వండేవాళ్లు లేరని కాలేజీ మాన్పించారు. నర్సింగ్ చదువుదామనుకున్న పిల్ల అప్పుడు పట్టుకున్న గరిటె ఇంకా చేతిలోనే ఉంది. ఇదంతా నీడపట్టునే జరిగింది మరి.

భాద్రపదంలో ఒకరోజు పిల్లకు నీళ్లు పోస్తూ పోస్తూ ఊపిరందక గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. కళ్లలో సబ్బు పడి పిల్ల గుక్కపెట్టింది. అప్పుడే ఇంటికొచ్చిన సాయికిరణ్ పిల్లను ఎత్తుకున్నాడు. ఎత్తుకున్న చేత్తోనే ఆత్మకూరుకు, వాళ్లమ్మ కౌసల్యకు ఫోన్ చేశాడు.

"దసరా ఎల్లినంక వొచ్చి పిల్లను తీస్కపోత," అన్నది కౌసల్య స్పీకర్లో. "ఆమెకు పానం మంచిగయ్యేదాక నా తాన్నే ఉంటది. పిల్లను బకీటు కాడ ఇడిసిపెట్టి కూసుంటే ఎట్లరా?"

"మంచిదే గద," అన్నాడు సాయికిరణ్ హరిత వైపు తిరిగి. "నీకు జర రెస్టు దొరుకుతది."

రెస్టు అంటే బిడ్డను తీసుకుపోవడమని హరితకు ఆ రోజే తెలిసింది. దసరాకు ఇంకా నెలరోజులు.

పక్క పోర్షన్‌లో గ్రేస్ కిరాయికుంటుంది. నల్లగొండలో ఒక ఫిజియోథెరపీ సెంటర్లో పదకొండేళ్లుగా ఆయా. ఆ ఆదివారం చర్చి నుంచి తెల్లచీరలో వచ్చేసరికి, హరిత దండెం మీద తడి దుప్పటి వేయలేక తంటాలు పడుతోంది. చేతులు భుజాల దాకా లేచి అక్కడే ఆగిపోతున్నాయి.

"ఏం పిల్లా, కరెంటు పోయిందా చేతులకు?" అంటూ గ్రేస్ దుప్పటి అందుకుంది. అందుకోవడంలో ఆమె మోచేయి హరిత నడుముకు తగిలింది. ఆగి, అరచేత్తో మళ్లీ తాకి చూసింది. "గిదేంది లోపట? గట్టిగున్నది."

"నడికట్టక్కా."

కాన్పయ్యాక పొట్ట జారకుండా పాత నూలుచీర చింపి నడుముకు బిగించే గుడ్డ అది. గ్రేస్‌కు తెలియనిది కాదు. తెలియనిది వేరే.

"పాపకు ఏడాదిన్నర దాటింది గద?"

"మా అత్తమ్మ తను చెప్పేదాక ఇప్పొద్దన్నది."

"చెప్పలేదా?"

"చెప్పలే."

గ్రేస్ నవ్వబోయి, హరిత ముఖం చూసి మానుకుంది.

అమ్మ లేని పిల్ల కాబట్టి కాన్పుకు అత్తే వచ్చి చేసింది. మూడు చుట్లు చుట్టి, మోకాలు ఆనించి బిగించి, "నేను చెప్పేదాక ఇప్పకు, ఇప్పితివా పొట్ట కుండ లెక్క ఊరుతది" అన్నది. మూడో నెలలో పత్తి గింజలు పెట్టే పనులు మొదలై ఆత్మకూరుకు వెళ్లిపోయింది. ఆ మాట ఒక్కటి చెప్పడం మర్చిపోయింది. హరిత రోజూ స్నానం చేసి, ఊపిరి బిగబట్టి, అదే కొలతకు మళ్లీ కట్టుకునేది. ఫోన్ వచ్చినప్పుడల్లా ఇవాళ చెబుతుందేమో అనుకునేది. తనే అడిగితే? అడిగితే, పని తప్పించుకోవాలని చూస్తున్నదని అనుకోరూ! నిద్రపోనా అని, తిననా అని ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ అడిగింది లేదు. ఇదీ అట్లాంటిదే అనుకుంది.

ఆ సాయంత్రం ఫోన్లో అడిగింది.

"అత్తమ్మా, నడికట్టు ఇప్పొచ్చునా?"

"ఏం నడికట్టు?"

"మీరు కట్టింది."

 అవతలి నుంచి నవ్వు. ఆగని నవ్వు. "ఓ, ఇన్నవా? గీ పిల్ల ఇంకా కట్టుకుంటున్నదట!" అని మామకు కేక. "మూన్నెల్లకే ఇప్పుతరు గదనే పిచ్చిదానా, గది సుత నేనే చెప్పాల్నా? గీ తెలివికి బిడ్డనేం సాదుతవే నువ్వు!"

వారంలో చుట్టాలందరికీ ఆ కథ చేరింది. మేనత్త కూతురు ఫోన్లో నవ్వే బొమ్మలు పంపింది. దసరా మాట ఇక ఖాయమైపోయింది. హరిత ఆ గుడ్డను రెండుగా చింపి పొయ్యిగట్టు తుడిచే మసిగుడ్డ చేసింది.

గుడ్డ పోయింది. కానీ తాడు పోలేదు. పక్కటెముకల కింద పట్టు అట్లనే ఉంది.

"గుడ్డ పోయిన సంగతి నీకు ఎరుక. నీ కండలకెవలు చెప్పిండ్రు?" అన్నది గ్రేస్. "ఏడాదిన్నర సంది బిగబట్టి బిగబట్టి, అవి గదే కొలువనుకుంటున్నయి. తిడితే ఇనయి. నిమ్మళంగ చెప్పాలె."

తన ఇంట్లోంచి చాప తెచ్చి హరిత ముందుగదిలో పరిచింది. పిల్ల నిద్రపోతోంది. హరిత వెల్లకిలా పడుకుని వెంటనే చున్నీ కోసం వెతికింది. ఆడపిల్ల ఎల్లెలుకల పండుకోవద్దని అమ్మ అనేది. ఒత్తిగిలి, ముడుచుకుని, ఎంత తక్కువ జాగాలో పడితే అంత తక్కువ జాగాలో పడుకోవాలి.

"ఎవలన్న వస్తరేమో అక్కా."

"వొస్తే వొస్తరు. మోకాళ్లు పైకి పెట్టు. వీపు యాడయాడ నేలకు తాకుతున్నదో చూడు. ఇయ్యాల్టికి గంతే."

గంతేనా అనుకుంది హరిత. చూసింది. మడమలు తాకుతున్నాయి, భుజాలు, తల వెనక. నడుము మాత్రం నేలకు అందడం లేదు. వంతెనలా లేచి ఉంది, కిందినుంచి బల్లి దూరిపోవచ్చు. ఏమీ మోయకుండా పడుకున్నప్పుడు కూడా నడుము ఏదో మోస్తూనే ఉంది.

మర్నాడు గ్రేస్ ఇంకొంచెం చెప్పింది. ఊపిరి పీలుస్తూ నడుము కొద్దిగా పైకెత్తాలి. వదులుతూ దించాలి. హరిత పళ్లు బిగించి ఎత్తింది.

"అబ్బో, నిమ్మకాయల బస్తా లేపుతున్నవా? సగం బలం చాలు. సగంల సగమైనా మంచిదే. దించేటప్పుడు దబ్బున పడెయ్యకు. పొంగే పాల మీద నీళ్లు చల్లితే ఎట్ల దిగుతయి, గట్ల దించు. నొప్పైతే ఆపెయ్యి."

సగం చాలు. ఈ మాట హరితతో అంతకుముందు ఎవరూ అనలేదు. సగం ఊడ్చిన ఇల్లు, సగం ఉడికిన పప్పు, సగంలో ఆగిన చదువు, అన్నీ తప్పులుగానే లెక్కకొచ్చాయి. నొప్పైతే ఆపెయ్యమని కూడా ఎవరూ అనలేదు. నొప్పయినా చేస్తేనే మంచి కోడలు. చాప మీద పడుకుని ఆ మాటను నోట్లో వేసుకున్న బెల్లం ముక్కలా అటూ ఇటూ తిప్పుకుంది. నడుము ఈసారి కొంచెమే లేచింది. దిగేటప్పుడు చాలాసేపు దిగింది.

తర్వాత మోకాళ్లు రెండూ కలిపి ఒక పక్కకు వాల్చడం. పక్కకు ఒరిగి, చేయి తల మీదుగా వేసి, మోచేయి తుంటి దగ్గరకొచ్చేలా పక్కటెముకలు ముడిచి, మళ్లీ మెల్లగా విప్పడం.

"కుక్క లేవంగనే ముందేం జేస్తది? ఒళ్లిరుసుకుంటది. పిల్లీ గంతే. మనకే నామోషీ," అన్నది గ్రేస్.

పెళ్లయిన రెండోనాడు వాకిట్లో ఒళ్లు విరుచుకుంటే కౌసల్య అన్న మాట హరితకు గుర్తొచ్చింది. "మామ కూసున్నడు గద, గట్ల ఇరుసుకుంటవేంది? పొద్దుగాల్నే ఆడిది ఒళ్లిరుసుకుంటే ఇంట్ల లచ్చిమి నిలువది." అప్పటినుంచి ఆవులింత కూడా లోపలికే మింగేది. గ్రేస్‌కు చెప్పింది.

"మా అమ్మ సుత గదే అంటుండె, ఏసయ్య పేరు పెట్టి," అన్నది గ్రేస్. "ఒళ్లిరుసుకుంటే పోయేటంత బలహీనులా వాళ్లిద్దరు?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు పిల్ల లేచింది. లేచి వచ్చి తల్లి పొట్ట మీద ఎక్కి కూర్చుంది. పొట్ట లేస్తే లేచింది, దిగితే దిగింది. ఇదేదో తనకోసమే పెట్టిన ఆట అనుకుని చప్పట్లు కొట్టింది.

పదకొండో రోజు మధ్యాహ్నం హరితకు ఆవులింత వచ్చింది. మింగలేదు. దవడలు, మెడ, చంకలు, పక్కటెముకలు, తొడల దాకా పాకిన ఆవులింత. గొంతులోంచి ఏదో చప్పుడు కూడా వచ్చింది. కళ్ల వెంట నీళ్లు కారాయి, ఏడుపు మాత్రం కాదు. ఇంకో పది రోజులకు, ఉదయం పిల్ల తన చెంప మీద కొడితే మెలకువ వచ్చింది. నల్లా వచ్చి పోయింది. డ్రమ్ములు ఖాళీ. మెడ మీద వేళ్లు పెట్టి చూసుకోవడం కూడా మర్చిపోయి నిద్రపోయానని అప్పుడు తెలిసింది. భయం పోయిందా? పోలేదు. అది పక్కలోంచి లేచి దూరం జరిగి, గడప దగ్గర కూర్చుంది.

దసరా అయిన నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం కౌసల్య వచ్చింది. చేతిలో ఖాళీ సంచి, పిల్ల గౌన్లు సర్దుకోవడానికి. తలుపు దగ్గరగా వేసి ఉంటే తోసింది. చాప మీద కోడలు వెల్లకిలా. పక్కన మనుమరాలు, అదీ వెల్లకిలానే, మోకాళ్లు పైకి పెట్టుకుని.

"హరితా! గిదేం పండుకునుడే? తలుపు సుత పెట్టలే!"

వెనకటి రోజులైతే హరిత స్ప్రింగులా లేచి కొంగు సర్దుకునేది. ఇప్పుడు నడుము పైన ఉంది. దించాలి. దించింది. ఎంతసేపు పట్టాలో అంతసేపూ దించింది. అత్త గడపలో నిలబడే ఉంది. తర్వాత పక్కకు ఒరిగి, చేయి నేలకానించి లేచి కూర్చుంది.

"లోపల్కి రాండ్రి అత్తమ్మా. నీళ్లు తెస్త."

నీళ్లు ఇచ్చి, ఖాళీ సంచి వైపు చూసి అన్నది. "సహస్ర నా కాడ్నే ఉంటది. మీకు చూడబుద్ధయితే మీరే రాండ్రి. ఎన్నొద్దులైనా ఉండుండ్రి."

గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. మామూలుగా గొంతులోంచే వచ్చే మాట, ఇది పొట్టలోంచి వచ్చింది.

"సాయిగాడేమంటడో అడగాలె."

"అడుగుండ్రి. నా మాటైతే గిదే."

కౌసల్య కూర్చోబోయింది. నడుము పట్టేసి సగంలో ఆగిపోయింది. "అబ్బా. ఆరు గంటలు బస్సుల కూసుంటి."

"జర పండుకోండ్రి."

"ఎవలిదీ చాప?"

"గ్రేసక్కది."

కౌసల్య చాప వైపు కాసేపు చూసింది. ఆరు గంటల బస్సు ప్రయాణంలో అరిగిన నడుము ముందు ఆ చూపు ఎక్కువసేపు నిలబడలేదు. పడుకుంది. ఆమె నడుము కింద బల్లి కాదు, పిల్లి దూరిపోవచ్చు. పిడికిళ్లు రెండూ మూసే ఉన్నాయి. హరిత చెప్పినట్టు కొంచెం ఎత్తింది, కొంచెం దించింది. సహస్ర ఆ పొట్ట మీద కూడా ఎక్కబోతే హరిత పట్టుకుంది. చాలాసేపటికి కళ్లు మూసుకునే అన్నది కౌసల్య.

"సాయిగాడు పుట్టిన ఇరువై ఒక్కో నాడు నాట్లకు పోయిన. మా అత్త గయ్యాళిది. గయ్యాళిదైనా ఇప్పుమని చెప్పింది. నేను నీకు చెప్పుడు మర్సిన. మర్సి, మల్ల నేనే నవ్విన."

 పరవాలేదని అనడం హరితకు బాగా అలవాటు. ఈసారి ఆ మాట నాలుక మీదికి రాలేదు.

సాయంత్రం సాయికిరణ్ వచ్చేసరికి చాప మీద తల్లి, పక్కన భార్య, మధ్యలో బిడ్డ.

"ఏమైందే అమ్మా?" అన్నాడు కంగారుగా.

"ఏం గాలే. బియ్యం డబ్బాల ఉన్నయి, కడిగి పెట్టు," అన్నది కౌసల్య.

"నేనా?"

"మరి ఎవలు, పక్కింటాయనా?"

అన్నం ముద్దయింది. ఎవరూ వంక పెట్టలేదు. సాయికిరణే రెండుసార్లు, నీళ్లు జరంత ఎక్కువైనయి అన్నాడు. పిల్లను పంపే మాట అతనెత్తితే, "తల్లి కాడ్నే ఉండనియ్యిరా" అన్నది కౌసల్య అన్నం కలుపుకుంటూ. నాలుగు రోజులుండి, సంచి నిండా నిమ్మకాయలు వేసుకుని ఆత్మకూరు బస్సెక్కింది.

ఆ వారమే ఎదురింటి భాగ్యశ్రీ మొదటి కాన్పయి తల్లిగారింటికి వచ్చింది. వీధంతా వెళ్లి చూసొచ్చింది. ముక్కు నాయిన పోలిక, రంగు అమ్మ పోలిక అని తేల్చారు. హరిత కూడా వెళ్లింది. బిడ్డ ఉన్న ఉయ్యాల దాటి, గోడకానుకుని కూర్చున్న భాగ్యశ్రీ పక్కన కూర్చుంది. నిద్ర పడుతున్నదా అని అడిగింది.

"మంచిగనే ఉన్నక్కా," అన్నది భాగ్యశ్రీ, అన్న వెంటనే ఊపిరి కోసం ఆగి.

హరిత లేవలేదు. టీ తాగింది. చల్లారిన కప్పు చేతిలో పెట్టుకుని ఇంకాసేపు కూర్చుంది. అప్పుడు భాగ్యశ్రీ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.

మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో ఒక బాలింత ఉండే ఉంటుంది. ఈ వారంలో ఒకసారి వెళ్లి రండి. బిడ్డది ఎవరి పోలికో తర్వాత చూడొచ్చు, ముందు ఆమెను చూడండి. ఎట్లున్నవమ్మా అని అడగండి. మంచిగనే ఉన్నానంటుంది. ఆ మాట విని లేచి వచ్చేయకండి.