వెనక చక్రాల దారి

కళ్లద్దాలాయనకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఎక్కడ కూర్చున్నా కుడికాలు దానంతట అది ఊగుతూ ఉంటుంది. అద్దాల పెట్టె, అక్షరాల బోర్డు వ్యానులో వేసుకుని కొండమీది ఊళ్లు తిరుగుతాడు. పొద్దున ఒక ఊళ్లో కళ్లు పరీక్ష చేస్తే సాయంత్రానికి ఇంకో ఊళ్లో ఉంటాడు. "ఈయనకి వ్యాను దండగ, కాళ్లకే చక్రాలున్నాయి" అని జనం నవ్వుకుంటారు. ఆయనా నవ్వుతాడు, నవ్వుతూనే టైము చూసుకుంటాడు.

ఆ రోజు కాలు మరీ ఊగుతోంది. మర్నాడు పొద్దున పదింటికి దూరపు నగరంలో ఒక పెద్ద కళ్లద్దాల షాపులో ఉద్యోగంలో చేరాలి. చేరితే ఇక ఈ కొండలవైపు రానక్కర్లేదు. సామాను సర్దేశాడు, గది తాళం ఇచ్చేశాడు. తీరా బయల్దేరబోతే వ్యాను వెనకనుంచి మూలుగు. మూలుగు కొత్తది కాదు, ఇన్నాళ్లూ ఆయనే వినీ విననట్టు నెట్టుకొచ్చాడు. పదకొండు గంటల ప్రయాణానికి మాత్రం ధైర్యం చాలక మెకానిక్ అత్త షెడ్డుకి తీసుకొచ్చాడు.

నిజానికి ఆవిడ ఎవరికీ అత్త కాదు. ముప్పై ఏళ్లుగా స్పానరు పట్టుకుని, వచ్చినవాళ్లందర్నీ కోడళ్లని కసిరినట్టు కసురుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. షెడ్డులో గోడవారగా ట్రేలు ఉంటాయి. బండిలోంచి తీసిన పాత గేర్ ఆయిల్ని వాటిలో కాసేపు తేరుకోనిస్తుంది. తేరుకున్నాక ఆ బండి తిరిగిన దారులన్నీ మలుపులతో, వంతెనలతో సహా సన్నని గీతల్లా పైకి తేలుతాయి. వచ్చేపోయేవాళ్లు పేపరు చూసినట్టు ఓ చూపు చూసి పోతుంటారు.

"పాలవ్యాను మళ్లీ వాగులోంచి దాటించాడు చూడత్తా," అంటున్నాడు పక్కకొట్టు టైలరు.

"అందుకే ఆయిల్లో నీళ్లు చేరాయి. పాలల్లోనూ చేరే ఉంటాయిలే," అంది అత్త.

కళ్లద్దాలాయన డబ్బా ఒకటి ఆవిడ ముందు పెట్టాడు. "ఆయిల్ నేనే తెచ్చానత్తా. షాపులో అన్నిటికన్నా పెద్ద నంబరు ఇదే. మూడు చోట్లా ఇదే పోసి గంటలో వదిలెయ్యి."

అత్త డబ్బా తిప్పి చూసింది. "పెద్ద నంబరైతే మంచిదని ఎవరు చెప్పారు? నీ దగ్గరికి ఎవరొచ్చినా పెద్ద నంబరు అద్దాలే ఇస్తావా?"

"షాపువాడిచ్చాడు. తప్పు వాడిది."

"అడిగింది నువ్వేగా?"

ఆయన టైము చూసుకున్నాడు.

"నాలుగు చక్రాలూ లాగే బండి ఇది. ముందు గేర్‌బాక్సు, మధ్యలో ఒక డబ్బా, వెనక ఇరుసు దగ్గర ఇంకో డబ్బా. వెనకదాంట్లో పళ్లు గట్టిగా రాసుకుంటాయి, దానికి ఈ ఘాటు ఆయిలే కావాలి. గేర్‌బాక్సులో ఇత్తడి రింగులున్నాయి, ఈ ఘాటు వాటిని తినేస్తుంది. మధ్యదానికి ఏది పొయ్యాలో బండి పుస్తకంలో చూడాలి. నేనొచ్చేదాకా కూర్చో," అని అత్త లోపలికెళ్లింది.

కూర్చోమంటే కూర్చునే మనిషా! ఆయన స్పానరు తీసుకుని వ్యాను కిందికి దూరి వెనక డబ్బా కింది బోల్టు విప్పేశాడు. ఆయిల్ నల్లగా ట్రేలోకి కారింది. పుస్తకంతో తిరిగొచ్చిన అత్త అది చూసి నెత్తి కొట్టుకుంది.

"పై బోల్టు ఊడుతుందో లేదో చూశావా?"

"ముందు ఖాళీ చెయ్యాలిగా?"

"నీ తొందర తగలెయ్య! పోసే బోల్టు ఊడుతుందని తేలాకే కారే బోల్టు ముట్టుకోవాలి. ఇప్పుడది ఊడకపోతే బండి కదలదు. నింపుకునే దారి చూసుకోకుండా ఎవరైనా ఖాళీ చేసుకుంటారా?"

పై బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అత్త తుప్పు వదిలే మందు చల్లింది, సుత్తితో తట్టింది, స్పానరుకి పైపు తొడిగి దానిమీద ఒరిగింది. అది కదల్లేదు. "నానాలి. రెండు గంటలు పడుతుంది," అని ఆవిడ ముందు గేర్‌బాక్సు పనిలో పడింది. కళ్లద్దాలాయన షెడ్డు గుమ్మానికీ వ్యానుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

తిరిగి తిరిగి చివరికి ట్రేల దగ్గర ఆగాడు. ముందు గేర్‌బాక్సు ఆయిల్లో ఆయన ఎప్పుడూ వెళ్లే దారి కనిపించింది, పట్నం దాటి, లారీలు తూచే పాత కాటా దాటి, తిన్నగా కొండమీదికి. వెనక డబ్బా ఆయిల్లో మాత్రం దారి కాటా దగ్గర ఎడమకి తిరిగింది. తిరిగి ఒక ఇంటి ముందు ఆగింది. ఒకసారి కాదు, ఏడేళ్లపాటు వారం వారం అలాగే వెళ్లినట్టు గీత లావెక్కి ఉంది.

"ముందు చక్రాలది ఒక దారి, వెనక చక్రాలది ఇంకో దారి," అని టైలరు తన పని మీద వెళ్లిపోయాడు.

అత్త ఆ ఆయిల్ని వేళ్లమధ్య రాసి చూసింది. ఇనపరజను మెరిసింది. "అందుకే మూలుగు. అవి తిన్నగా, ఇవి ఎడమకి లాగితే మధ్యలో పళ్లు అరగక ఏం చేస్తాయి? ఎడమవైపు ఎవరున్నారు?"

"తమ్ముడు," అన్నాడు కళ్లద్దాలాయన.

అన్నదమ్ములిద్దరూ ఏడేళ్ల కిందటిదాకా కలిసి షాపు నడిపారు. ఒక మధ్యాహ్నం అద్దాలు అరగదీసే మిషను కాలిపోయింది. షాపు నిండా జనం. "నువ్వు చెయ్యిపెడితే ఏదైనా నాశనమే" అని ఈయన అందరి ముందూ అరిచాడు. తమ్ముడు చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి గుర్తొచ్చింది, భోజనానికి లేస్తూ స్విచ్చి ఆపకుండా వెళ్లింది తనే. వెళ్లి ఆ ఒక్కమాట చెప్పడానికి సిగ్గేసింది. రోజులు గడిచేకొద్దీ సిగ్గు పెరిగింది. వారం వారం కాటా దగ్గర వ్యాను నెమ్మది చేసేవాడు, మళ్లీ ముందుకే పోయేవాడు. నగరానికి పారిపోతున్నది కూడా ఆ మలుపు చూడలేకే.

"స్విచ్చి ఆపనిది నేనేనత్తా." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"నాకెందుకు చెప్తావు? కాలింది నా మిషనా?" అంటూ అత్త పైపు మీద మళ్లీ ఒరిగింది. బోల్టు కిర్రుమని తిరిగింది.

కొత్త ఆయిల్ పై కంతలోంచి పొర్లేదాకా పోసి అత్త బోల్టు బిగించింది. మిగతా రెండింటికీ దేనికి తగింది దానికి పోసింది.

మూడింటికి ఆయన బయల్దేరాడు. నగరానికి పోవాలన్నా కాటా మీదుగానే దారి. కాటా దగ్గర అలవాటుగా వ్యాను నెమ్మదించింది. మూలుగు లేదు. స్టీరింగు తను తిప్పాడో, వెనక చక్రాలే తిప్పాయో గాని వ్యాను ఎడమకి తిరిగింది.

తమ్ముడు ఇంటి ముందు కుర్చీలో ఉన్నాడు, పేపరు ముక్కుకి ఆనించి పట్టుకుని. తలెత్తి కళ్లు చికిలించాడు. "ఎవరూ?"

నాలుగడుగుల దూరంలో ఉన్న అన్నని వాడు పోల్చుకోలేకపోయాడు. కళ్లద్దాలాయన ఇంకాస్త దగ్గరికి నడిచాడు. "ఆ రోజు స్విచ్చి ఆపనిది నేనేరా," అన్నాడు.

తమ్ముడు గొంతు పోల్చుకున్నాడు. "తెలుసన్నయ్యా. చివర్న లేచింది నువ్వేగా."

"మరి అప్పుడే అనలేదేం?"

"అంతమంది ముందు నీ పరువు తియ్యమంటావా?"

కళ్లద్దాలాయన తమ్ముడి చేతిలో పేపరు తీసి పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు. "అద్దాలు ఎందుకు పెట్టుకోలేదురా?"

"ఇంకొకళ్ల చేత చూపించుకోబుద్ధి కాలేదు."

ఆయన వ్యానులోంచి పెట్టె, బోర్డు దించాడు. బోర్డు గోడకి తగిలించి, తమ్ముడి ముక్కుమీద ఖాళీ ఫ్రేము పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మార్చాడు. మూడో వరస రెండుసార్లు తప్పింది, తర్వాత కుదిరింది. తమ్ముడు బోర్డు వదిలేసి అన్నవైపు తిరిగాడు.

"జుట్టంతా తెల్లబడిపోయిందే నీకు," అన్నాడు. ఆ వెనక వ్యానులోకి చూశాడు. "ఇంత సామానేంటి? ఎక్కడికి బయల్దేరావు?"

కళ్లద్దాలాయన పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాలు ఊగలేదు.

"ఇక్కడికే," అన్నాడు.